ఢిల్లీకి వేసే ఓటు: నాయకుడిలో ఏం చూడాలి, ఎక్కడ చూడాలి

ఎన్నికలు దగ్గరపడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, మోదీనా, రాహులా, ఇంకెవరైనానా అని. మనల్ని ఎవరైనా అడిగితే "నాయకుడంటే నిజాయితీ ఉండాలండీ, ముందుచూపు ఉండాలి, ధైర్యం ఉండాలి" అని మనమూ నాలుగు మాటలు చెప్పేస్తాం. వీటితో చిక్కేంటంటే ఏ అభిమాని నోట విన్నా ఇవి వాళ్ళ నాయకుడికే అతికినట్టు సరిపోతాయి. మా నాయకుడికి నిజాయితీ లేదని చెప్పే కార్యకర్తని మీరెప్పుడైనా చూశారా? అందుకని గుణాల జాబితా పక్కన పెట్టేసి, ఫలానా గుణం ఉందో లేదో దేన్నిబట్టి తేలుతుంది, ఆ వివరం ఎక్కడ దొరుకుతుంది అనేదే ఇక్కడ రాస్తున్నాను. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష, తనకి "కాదు" అని చెప్పినవాళ్ళతో ఆ మనిషి ఎలా ఉన్నాడన్నది. కోర్టు కాదంది, సొంత మంత్రే కాదన్నాడు, ప్రతిపక్షం కాదంది, లెక్కలు కాదన్నాయి, చివరికి ఓటర్లే కాదన్నారు, అప్పుడేం చేశాడు? మిగతావి దీని తర్వాతే.

ముందు మీ ఓటు ఎటు పోతుందో చూడండి

మన దగ్గర ప్రధానమంత్రి పేరు పక్కన బటన్ ఉండదు. మీరు నొక్కేది మీ లోక్‌సభ నియోజకవర్గం అభ్యర్థికి. అలా గెలిచిన 543 మందిలో కనీసం 272 మంది ఎవరి వెనక ఉంటే వాళ్ళు ప్రధాని. అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది. చిన్నప్పుడు సివిక్స్‌లో చదివిందే కానీ బూత్‌లోకి వెళ్ళాక గుర్తుండదు. ఆంధ్రాలో ఇంకా కష్టం, అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకే రోజు పోలింగ్ కాబట్టి (2024లో మే 13న జరిగినట్టు) ఎమ్మెల్యే గొడవలో పడి రెండో మెషిన్ మీద కూడా అదే గుర్తు నొక్కేసి వచ్చేవాళ్ళే ఎక్కువ. అదే పార్టీకి వెయ్యొద్దని కాదు, ఆ రెండో ఓటు గురించి విడిగా ఒక పది నిమిషాలైనా ఆలోచించండి అంటున్నాను.

మన 42 మంది వల్ల ఏమవుతుందిలే అనుకోకండి. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269, 270 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ బాలయోగి. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగిపోతే, టీడీపీ 16 మందీ జేడీయూ 12 మందీ తోడయ్యాకే ప్రభుత్వం నిలబడింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం పార్టీ విప్ (సభలో ఎటు ఓటెయ్యాలో చెప్పే ఆదేశం) జారీ చేశాక ఎంపీ దానికి తగ్గట్టే ఓటెయ్యాలి, కాదంటే సీటు పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. కాబట్టి "పార్టీ ఎలాంటిదైతేనేం, మా ఎంపీ మంచోడు" అనే మాట సగమే పనికొస్తుంది. ఆ మంచోడు కీలకమైన బిల్లు వచ్చిన రోజు నాయకుడు ఎటు చెయ్యెత్తమంటే అటే ఎత్తుతాడు. "పెద్దాయన బావున్నాడు, ఇక్కడ ఎవరు నిలబడినా ఒకటే" అనేదీ అంతే, ఎందుకంటే ఆ పెద్దాయన ఎలాంటివాళ్ళకి టికెట్లు ఇస్తాడనేదే అతని గురించి మనకి దొరికే మంచి సాక్ష్యం. అందుకని అభ్యర్థిని, పార్టీని, పైన ఉన్న నాయకుణ్ణి, ముగ్గుర్నీ చూడాలి. పార్టీ గురించి అడగాల్సింది ఒక్కటే: లోపల ఎవరైనా నాయకుడితో విభేదించి కూడా ఆ పార్టీలోనే బతికి బట్టకట్టగలిగారా? అలాంటి పేర్లు రెండు కూడా తట్టకపోతే, నాయకుడు తప్పటడుగు వేసిన రోజు ఆపేవాళ్ళు ఎవరూ ఉండరని మీరే అనుకోవచ్చు.

"కాదు" పరీక్ష

ఇక అసలు సంగతి. పాత ఉదాహరణలతో మొదలుపెడతాను, ఎందుకంటే వాటి మీద మనకి ఇప్పుడు పెద్దగా కోపతాపాలు ఉండవు, చల్లగా చూడొచ్చు.

1957 చివర్లో ఎల్ఐసీ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన గొడవని లోక్‌సభలో లేవనెత్తింది ప్రతిపక్షం వాళ్ళు కాదు, ఫిరోజ్ గాంధీ. అధికార పార్టీ ఎంపీ, పైగా ప్రధాని నెహ్రూకి స్వయానా అల్లుడు. జడ్జి చాగ్లాతో బహిరంగ విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేశారు. నెహ్రూకి ఇది నచ్చి ఉండకపోవచ్చు, కానీ అల్లుడి నోరు నొక్కలేదు, విచారణని ఆపలేదు. ఇప్పుడు మీకు నచ్చిన నాయకుణ్ణి ఊహించుకోండి. అతని సొంత పార్టీ ఎంపీ సభలో లేచి అతని మంత్రి కుంభకోణాన్ని బయటపెడితే ఆ ఎంపీకి మళ్ళీ టికెట్ వస్తుందా? మీ జవాబు ఏదైతే అది రాసి పెట్టుకోండి.

దానికి ఎదురు ఉదాహరణా అదే ఇంట్లో ఉంది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదంది. పదమూడు రోజులకి ఎమర్జెన్సీ వచ్చింది, ఆగస్టులో ప్రధాని ఎన్నికని కోర్టుల పరిధిలోంచి తప్పించేందుకు రాజ్యాంగాన్నే సవరించారు. కోర్టు కాదంటే కోర్టునే పక్కకి జరిపిన పని అది. ఆమె 1977లో ఎన్నికలు పెట్టి, ఓడిపోయి, మారుమాట లేకుండా దిగిపోయిందనేది కూడా నిజమే, దాన్నీ లెక్కలో వెయ్యాలి. మనవాళ్ళు మాత్రం ఆ ఎన్నికల్లో 42 సీట్లలో 41 ఆమె పార్టీకే ఇచ్చారు, మిగిలిన ఆ ఒక్క నంద్యాలలో జనతా తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఉత్తరాదిలో ఊడ్చుకుపోయిన పార్టీ ఇక్కడ చెక్కుచెదరలేదంటే ఎమర్జెన్సీ దెబ్బ మనకి అంతగా తగల్లేదనో, వార్తలు అందలేదనో, పథకాలు అందాయనో రకరకాలుగా చెబుతారు. కారణం ఏదైనా మనకి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: నా దాకా రాని అన్యాయాన్ని నేను లెక్కలో వేస్తున్నానా లేదా?

ఆ సంజీవరెడ్డే 1964లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తన ప్రభుత్వం తీరుని తప్పుపడుతూ వ్యాఖ్యలు చేస్తే పదవి వదిలేశారు. ఆయన మీద ఎవరూ క్రిమినల్ కేసు పెట్టలేదు, శిక్ష పడలేదు. లాల్ బహదూర్ శాస్త్రి సంగతి అందరికీ తెలిసిందే కానీ ఆ కథ మన మహబూబ్‌నగర్‌లోనే మొదలైందని చాలామందికి గుర్తుండదు. 1956 సెప్టెంబర్‌లో అక్కడ వంతెన కూలి రైలు ప్రమాదం జరిగినప్పుడే ఆయన రైల్వే మంత్రిగా రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ ఒప్పుకోలేదు, నవంబర్‌లో తమిళనాడు అరియలూర్ ప్రమాదం తర్వాత ఇచ్చినదాన్ని ఆమోదించారు. ప్రతి ప్రమాదానికీ మంత్రి రాజీనామా చెయ్యాల్సిందేనా అంటే నేనైతే అననుగానీ, కనీసం "ఇది నా శాఖ, బాధ్యత నాది" అన్న మాట నోటివెంట వచ్చిందా, లేక కింది ఇంజినీరుని సస్పెండ్ చేసి చేతులు దులుపుకున్నారా అన్నది మాత్రం చూస్తాను.

ఇప్పటివాళ్ళ దగ్గరికి వస్తే, మూడు సాగు చట్టాలు తీసుకోండి. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చాయి, సెప్టెంబర్‌లో రాజ్యసభలో ఓటింగ్ పెట్టమని ప్రతిపక్షం అడుగుతున్నా మూజువాణి ఓటుతో, అంటే ఓట్లు లెక్కపెట్టకుండా నోటిమాట అవును, కాదులతోనే, పాస్ చేశారు, ఏడాదికి పైగా ఢిల్లీ శివార్లలో రైతులు కూర్చున్నాక 2021 నవంబర్ 19న ప్రధాని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు, రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే పాసైంది. వెనక్కి తగ్గడం బలహీనత అని కొందరు, చివరికి విన్నాడు కదా అని కొందరు. నాకైతే వెనక్కి తగ్గడం తప్పేం కాదు, మంచిదే. తీసుకొచ్చేటప్పుడు ఎవర్ని అడిగారు, బిల్లుని కమిటీకి ఎందుకు పంపలేదు అనేదే ప్రశ్న. పార్లమెంటు స్టాండింగ్ కమిటీల్లో అన్ని పార్టీల ఎంపీలూ కూర్చుని అధికారుల్ని, నిపుణుల్ని పిలిచి బిల్లుని వాక్యం వాక్యం చూస్తారు, కెమెరాలు ఉండవు కాబట్టి అరుపులూ తక్కువే. పార్లమెంటు పనితీరు లెక్కగట్టే పీఆర్ఎస్ అనే సంస్థ ప్రకారం 15వ లోక్‌సభ (2009–14) కాలంలో 71 శాతం బిల్లులు ఇలా కమిటీలకి వెళ్తే, 17వ లోక్‌సభ (2019–24) కాలంలో వెళ్ళింది 16 శాతం. నాయకుడు "కాదు" వినడానికి ఎంత సమయం ఇస్తున్నాడో చెప్పే అంకె ఇంతకన్నా సూటిగా ఇంకోటి దొరకదు.

ఇది ఒక్క పార్టీ జబ్బు అనుకుంటారేమో, 2014 మొదటి రెండు నెలలు గుర్తు తెచ్చుకోండి. రాష్ట్ర విభజన బిల్లుని జనవరి చివర్లో ఉమ్మడి అసెంబ్లీ మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది, ఫిబ్రవరిలో లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, 18న బిల్లు పాసవుతున్న సమయానికి టీవీ ప్రసారం ఆగిపోయింది. తెలంగాణ రావాలనుకున్నవాళ్ళకి ఆ రోజు అరవై ఏళ్ళ కల, వద్దనుకున్నవాళ్ళకి గుండెకోత, అది వేరే సంగతి. మనకి కావాల్సిన ఫలితమే వచ్చినప్పుడు కూడా సభ నడిపిన తీరుని తప్పు అనగలమా? నాయకుడికి పెట్టే పరీక్షే మనకీ పెట్టుకోవాలి, లేకపోతే ఇదంతా పక్క పార్టీవాణ్ణి తిట్టడానికి ఇంకో సాకు అవుతుంది.

ప్రత్యర్థిని వాడుకోవడం కూడా ఈ పరీక్షలో భాగమే. 1994లో జెనీవాలో మానవ హక్కుల కమిషన్ ముందు కశ్మీర్ విషయంలో పాకిస్తాన్ తీర్మానం పెట్టబోతే, పీవీ నరసింహారావు భారత బృందానికి నాయకుడిగా పంపింది ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని. 1991లో విదేశీ మారకం అడుగంటి బంగారం తాకట్టు పెట్టుకునే రోజుల్లో ఆర్థిక శాఖని పార్టీలోని పెద్దతలకాయలకి కాకుండా ఎన్నడూ ఎన్నికల్లో గెలవని మన్మోహన్ సింగ్‌కి ఇచ్చింది కూడా ఆయనే. తనకన్నా ఎక్కువ తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోగలగడం చాలామందికి చేతకాదు. అదే పీవీ హయాంలోనే 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత జరిగింది, అదే హయాంలో 1993 అవిశ్వాస తీర్మానం గట్టెక్కడానికి ఎంపీలకి లంచాలిచ్చారన్న కేసూ వచ్చింది, కింది కోర్టు శిక్ష వేస్తే 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. మన తెలుగువాడు కదా అని మొదటి రెండే చెప్పుకుని తర్వాతివి మింగేస్తాం, ఉత్తరాదివాళ్ళు చాలాకాలం తర్వాతివే చెప్పి మొదటివి మింగేశారు. మనిషిని తూచేటప్పుడు రెండూ తూకంలో పడాలి. 1991 నంద్యాల ఉప ఎన్నికలో తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు, పీవీ ఐదు లక్షలకి పైగా మెజారిటీతో గెలిచారు. "మనోడు" అన్న ముచ్చట అంతవరకూ బావుంటుంది, ఐదేళ్ళ పాలనకి మార్కులు వేసేటప్పుడు కాదు. కులం సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా మీరు చూస్తున్న నాయకుడికి ఎలా పెట్టాలంటే, అతని పేరుతో పాటు "రాజీనామా", "విభేదించి", "బదిలీ", "సుప్రీంకోర్టు" లాంటి మాటలు జోడించి పాత వార్తలు వెతకండి. అతని కేబినెట్ నుంచి ఎవరు ఎందుకు వెళ్ళిపోయారు, వ్యతిరేక నివేదిక రాసిన అధికారికి ఏమైంది, ముందే రాసివ్వని ప్రశ్నలకి విలేఖరుల ముందు ఎప్పుడైనా జవాబిచ్చాడా, ఇష్టం లేని తీర్పుని అమలు చేశాడా లేక దాన్ని దాటడానికి చట్టం తెచ్చాడా. ముఖ్యమంత్రిగా పనిచేసి వచ్చినవాళ్ళయితే ఇంకా సులువు, అసెంబ్లీ ఏడాదికి ఎన్ని రోజులు నడిచిందో చూస్తే చాలు. ఇంతవరకూ అధికారంలో లేనివాళ్ళయితే పార్టీని ఎలా నడుపుతున్నారో అదే చూడాలి, వేరే దారి లేదు.

మాట ఎక్కడ ఇచ్చారు

వాగ్దానాల విషయంలో తెలుగువాళ్ళకి దొరికినంత పాఠం దేశంలో ఇంకెవరికీ దొరికి ఉండదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్ళు ప్రత్యేక హోదా అన్నారు. అది సభలో చెప్పిన మాట, చట్టంలో రాయలేదు. తర్వాత ప్రభుత్వం మారింది, హోదా రాలేదు. అదే పోలవరాన్ని విభజన చట్టం 90వ సెక్షన్లో జాతీయ ప్రాజెక్టుగా రాశారు కాబట్టి ఎంత నత్తనడక నడిచినా ఢిల్లీ దాన్ని మాకు సంబంధం లేదనలేకపోయింది. మరి స్టీల్ ప్లాంట్లు? అప్పటి ఖమ్మం జిల్లా బయ్యారం, కడప గురించి పదేళ్ళుగా వింటున్నాం. చట్టం 13వ షెడ్యూల్ తీసి చదివితే అక్కడున్నది ఆరు నెలల్లో "సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి" అని మాత్రమే. పరిశీలించి కుదరదంటే చట్టం ఉల్లంఘించినట్టు కూడా కాదు.

కాబట్టి మాట విన్నప్పుడు అది ఎక్కడ అన్నారో చూడండి. రోడ్ షోలో అన్నదానికి విలువ దాదాపు సున్నా. మేనిఫెస్టోలో అచ్చయితే కొంత నయం, కోర్టుకెళ్ళి అమలు చేయించుకోలేం కానీ వచ్చే ఎన్నికల్లో కాగితం చూపించి నిలదీయొచ్చు. సభలో మంత్రి హామీగా చెబితే దాన్ని వెంటాడటానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. చట్టంలో ఉంటే గట్టిది, బడ్జెట్లో డబ్బు కేటాయిస్తే ఇంకా గట్టిది. ఆ తర్వాత క్రియాపదం చూడాలి. "ఇస్తాం", "కృషి చేస్తాం", "పరిశీలిస్తాం", ఈ మూడింటికీ మధ్య ఒక జీవితకాలం పట్టేంత దూరం ఉంది.

డబ్బు లెక్క కూడా పెద్ద కష్టమేం కాదు. 2025–26 కేంద్ర బడ్జెట్ మొత్తం సుమారు 50.65 లక్షల కోట్లు. అందులో పాత అప్పుల వడ్డీకే 12.76 లక్షల కోట్లు, అంటే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి లేవకముందే పోయింది. జీతాలు, పెన్షన్లు, రక్షణ, రాష్ట్రాలకిచ్చే గ్రాంట్లు తీసేస్తే కొత్త నాయకుడు కదపగలిగింది చాలా కొంచెం. ఇప్పుడు ఎవరైనా పది కోట్ల కుటుంబాలకి నెలకి వెయ్యి రూపాయలు ఇస్తానంటే ఏడాదికి 1.2 లక్షల కోట్లు. ఇవ్వకూడదని నేను అనడం లేదు, ఏది తగ్గించి ఇస్తావు, ఏ పన్ను పెంచి ఇస్తావు అని అడిగితే జవాబు ఉండాలి. జవాబు చెప్పకుండా "సంపద సృష్టిస్తాం" అంటే లెక్క వెయ్యలేదని అర్థం.

ఇంకో చిన్న సంగతి. పోలీసు, భూములు, ఆసుపత్రులు, మద్యం, ఇవి ప్రధానంగా రాష్ట్రాల చేతిలోవి. రక్షణ, విదేశాంగం, రైల్వే, కరెన్సీ, ఆదాయపు పన్ను కేంద్రానివి. జాతీయ నాయకుడు వచ్చి మీ మండలంలో బెల్టు షాపులు మూయిస్తానంటే చప్పట్లు కొట్టే ముందు అది అతని చేతిలో ఉందో లేదో చూసుకోండి. అదే అతని చేతిలో కచ్చితంగా ఉన్న నియోజకవర్గాల పునర్విభజన గురించి అడిగితే మాత్రం నోరు విప్పరు. రాష్ట్రాలకి లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల మీదే ఆగి ఉంది, 2026 తర్వాత తీసే మొదటి జనాభా లెక్కలదాకా దాన్ని కదపకూడదని 2001లో రాజ్యాంగ సవరణ చేశారు. జనాభా అదుపు చేసుకున్న దక్షిణాది రాష్ట్రాల వాటా తగ్గుతుందా, తగ్గకుండా ఏం చేస్తావు? ఢిల్లీ కుర్చీ కోరుకునే ప్రతి ఒక్కరూ, ఏ పార్టీ అయినా, తెలుగు ఓటరుకి దీని మీద సూటిగా జవాబు బాకీ ఉన్నారు. హైదరాబాద్ వచ్చి ఒకటి, లక్నో వెళ్ళి ఇంకోటి చెబుతున్నారేమో కూడా కనిపెట్టుకోవాలి.

అఫిడవిట్ చదవడం

ఇది అందరూ చెయ్యగలిగిందే, చేసేవాళ్ళు మాత్రం తక్కువ. పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి బయోడేటా నమ్మి ఊరుకోం కదా, వాళ్ళ ఊళ్ళో విచారిస్తాం. ఇక్కడ విచారించే పని కూడా లేదు, అభ్యర్థే నామినేషన్‌తో పాటు ఫారం 26లో ప్రమాణం చేసి రాసిస్తాడు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో చూడొచ్చు, మైనేతా అనే సైట్లో పాత ఎన్నికలవి కూడా పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఇదేదో నాయకులు దయతలచి ఇచ్చింది కాదు. 2002లో సుప్రీంకోర్టు ఓటరుకి తెలుసుకునే హక్కుందని చెప్తే, దేనికీ కలవని పార్టీలన్నీ దాన్ని తప్పించుకోవడానికి మాత్రం కలిసి చట్టం మార్చాయి, 2003లో కోర్టు ఆ మార్పుని కొట్టేసింది.

చదివేటప్పుడు మొత్తం ఆస్తి అంకె దగ్గర ఆగిపోకండి. డబ్బున్నవాడు కావడం తప్పు కాదు. గత అయిదేళ్ళ ఆదాయం రాస్తారు, పాత అఫిడవిట్లో ఆస్తి ఎంతో తెలుస్తుంది. చూపించిన ఆదాయంతో ఆ పెరుగుదల సాధ్యమేనా, లేక భార్య పేరు మీదో, అవిభాజ్య కుటుంబం పేరు మీదో హఠాత్తుగా వచ్చిందా? భూమి రేటు పెరిగి విలువ పెరగడం వేరు, కొత్తగా ఎకరాలు చేరడం వేరు. ప్రభుత్వానికి బకాయిలు, ప్రభుత్వంతో కాంట్రాక్టులు అనే గడులు కూడా ఉంటాయి, అవి తప్పకుండా చూడండి. ఇంకో సరదా లెక్క: లోక్‌సభ అభ్యర్థి మన రాష్ట్రాల్లో పెట్టుకోగలిగిన ఖర్చు పరిమితి 95 లక్షలు. మీ ఊళ్ళో ఒక్క పూట ర్యాలీకి ఎన్ని కార్లు, ఎన్ని ఫ్లెక్సీలు, ఎంత బిర్యానీ వచ్చిందో చూసి మీరే అంచనా వెయ్యండి.

కేసుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. "ఆయన మీద పదిహేను కేసులున్నాయి" అని ఫార్వర్డ్ వస్తే సెక్షన్లు చూడండి. అనుమతి లేకుండా ధర్నా చేశాడనో, నిషేధాజ్ఞలు ధిక్కరించాడనో పెట్టిన కేసులు ఉద్యమాల్లో తిరిగినవాళ్ళ మీద కుప్పలుగా ఉంటాయి, అవి ఉన్నంత మాత్రాన మనిషి చెడ్డవాడు కాదు. హత్యాయత్నం, ఆడవాళ్ళ మీద నేరాలు, బెదిరించి డబ్బు గుంజడం, ప్రభుత్వ సొమ్ము కాజేయడం, వీటిల్లో ఒక్కటున్నా ఆగి చూడాలి. కోర్టు అభియోగాలు నమోదు చేసిందా, ఇంకా పోలీసుల దగ్గరే ఉందా అనేది కూడా అఫిడవిట్లో ఉంటుంది. రెండేళ్ళు, ఆపైన శిక్ష పడితే సభ్యత్వం పోతుంది, 2013 తీర్పు తర్వాత అప్పీలు పేరుతో కొనసాగడానికి వీల్లేదు. కానీ మన కోర్టుల వేగం తెలిసిందే కదా, శిక్ష పడేదాకా ఆగుదామంటే రెండు టర్ములు అయిపోతాయి. 2020లో సుప్రీంకోర్టు ఇంకోటి కూడా చెప్పింది: కేసులున్నవాడికి టికెట్ ఇస్తే ఎందుకిచ్చారో పార్టీ బయటికి రాయాలి, గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే కుదరదు. పార్టీలు రాసే ఆ కారణాలు వెతికి చదవండి, నవ్వొస్తుంది.

ఉపన్యాసం, హాజరు, సాదాసీదా జీవితం

వీటికి నేను తక్కువ మార్కులే వేస్తాను. బాగా మాట్లాడటం ఒక విద్య, పాలన ఇంకోటి. అయినా వినాలనుకుంటే ముప్పై సెకన్ల రీల్ కాకుండా సంసద్ టీవీలో పూర్తి ప్రసంగం వినండి, ముఖ్యంగా మధ్యలో ఎవరైనా అడ్డుపడి ప్రశ్నిస్తే ఏం చేశాడో. ఇప్పుడు గొంతులు, మొహాలు కూడా కృత్రిమంగా తయారవుతున్నాయి కాబట్టి పోలింగ్‌కి ముందు రెండు రోజుల్లో వచ్చే సంచలన వీడియోని నమ్మకపోవడమే మంచిది. ఎంపీ హాజరు, అడిగిన ప్రశ్నలు పీఆర్ఎస్ సైట్లో ఉంటాయి, కానీ మంత్రులకి ఆ లెక్క ఉండదు, అక్కడ ఖాళీ చూసి ఎగ్గొట్టాడనుకోకండి. ఏడాదికి 5 కోట్ల ఎంపీ నిధులు ఎక్కడ ఖర్చుపెట్టాడో చూడొచ్చు, అయితే కమ్యూనిటీ హాళ్ళ సంఖ్యని బట్టి జాతీయ నాయకుణ్ణి కొలవలేం. పుచ్చలపల్లి సుందరయ్య సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్ళేవాడని ఇప్పటికీ చెప్పుకుంటాం, ఆయనకి అది రోజువారీ బతుకు. ఇప్పుడు సైకిలెక్కితే పక్కన డ్రోన్ ఎగురుతుంది.

ఓడిపోయాక ఎలా ఉన్నాడన్నది వీటికన్నా ముఖ్యం. ఒక్క ఓటుతో పడిపోయిన వాజపేయి రాజీనామా ఇచ్చి మళ్ళీ ఎన్నికలకి వెళ్ళాడు. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం సీట్లు తగ్గగానే అసెంబ్లీ గడప తొక్కని పెద్ద నాయకుల్ని ఈ మధ్య ఒకరి తర్వాత ఒకర్ని చూశాం, పార్టీ పేర్లు చెప్పక్కర్లేదు. జీతం తీసుకుంటూ సభకి రానివాడు గెలిస్తే అదే సభకి ఏ మర్యాద ఇస్తాడు?

ఎవరూ నచ్చకపోతే

ఇవన్నీ చూశాక చాలాసార్లు ఒక్కరు కూడా పాసవ్వరు. నోటా 2013 నుంచి ఉంది, కానీ దానికి అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినా లోక్‌సభ ఎన్నిక రద్దవదు, తర్వాతి స్థానంలో ఉన్నవాడే గెలుస్తాడు. 2024లో ఇందోర్‌లో నోటాకి రెండు లక్షలకి పైగా పడ్డాయి, గెలిచిన అభ్యర్థికి వచ్చిన పదకొండు లక్షల మెజారిటీని అది కదిలించలేకపోయింది. నిరసన తెలపాలనుకుంటే వెయ్యండి, ఫలితం మారుతుందని మాత్రం అనుకోకండి. నేనైతే ఇద్దరిలో ఎవరిని ఐదేళ్ళ తర్వాత దించడం తేలికో వాళ్ళకి వేస్తాను, అంటే కోర్టుల్ని, ఎన్నికల సంఘాన్ని, పత్రికల్ని తక్కువగా కెలికినవాళ్ళకి. పథకం బాగా లేకపోతే తర్వాత వచ్చినవాళ్ళు మార్చుకోవచ్చు, అడిగే నోళ్ళు మూతపడ్డాక మార్చుకోవడం కష్టం.

విదేశాల్లో ఉన్నవాళ్ళు గ్రూపుల్లో మనకన్నా ఎక్కువ వాదిస్తుంటారు కాబట్టి వాళ్ళకో మాట. భారత పాస్‌పోర్టు ఇంకా మీ చేతిలో ఉంటే ఫారం 6ఏ నింపి మీ ఊళ్ళో ఓటరుగా చేరొచ్చు, కాకపోతే ఓటు వెయ్యడానికి స్వయంగా ఆ బూత్‌కి రావాలి. ఇక్కడున్నవాళ్ళు పోలింగ్ ముందు వారం కాకుండా ఇప్పుడే జాబితాలో పేరుందో లేదో చూసుకోండి, ఇల్లు మారినవాళ్ళు మరీ ముఖ్యంగా. నామినేషన్లు వేసే గడువు ముగిశాక అభ్యర్థుల అఫిడవిట్లన్నీ సైట్లో ఉంటాయి, పోలింగ్‌కి ఇంకా రెండు వారాలకి పైనే టైం ఉంటుంది, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.